నలుగురు పట్టే గది

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ మొహం మీద "లేదు" అని చెప్పరు. "ప్రార్థనలో పెడదాం" అంటారు. ఒకసారి అలా పెట్టేశాక ఇక ఆ విషయం ప్రభువుది, మనది కాదు. చిన్నప్పుడు నేను సైకిలు అడిగితే మా నాన్న ప్రార్థనలో పెట్టాడు. ఆ సైకిలు ఇప్పటికీ అక్కడే ఉంది.

రోజూ రాత్రి భోజనాలకు ముందు హాల్లో చాప పరిచి కుటుంబ ప్రార్థన చేసుకోవడం మా నాన్న పెట్టిన అలవాటు. అందరిలోకీ చిన్నవాళ్ళు మొదలుపెట్టాలి, వయసు వరసన ఒక్కొక్కరే పైకి చెప్పి ప్రార్థించాలి, ఇంట్లో పెద్దవాళ్ళు ముగించాలి. నాన్న పోయాక ఆ ముగింపు నా వంతుకు వచ్చింది. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్ళు మోకాళ్ళ మీద కళ్ళు మూసుకుని వినాలి, మధ్యలో నోరెత్తకూడదు, చివర్లో అందరూ కలిసి ఆమెన్ అనాలి. ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నాక ఇంట్లో పోట్లాటలు పెట్టుకునే ఖర్మ మాకేం పట్టింది? పప్పు మాడిందని నేను పొద్దున మా మరదల్ని ఒక మాటంటే, రాత్రికి ఆమె, "తండ్రీ, మా వదినగారికి ఓర్పు దయచెయ్యి" అనేది. నేను కూడా ఆమెన్ అనాల్సిందే. నేనేం తక్కువ తిన్నానా? "స్టవ్ మీద పాలు పెట్టి ఫోనులో కబుర్లు చెప్పేవారిని క్షమించు ప్రభువా" అని ముగించేదాన్ని. ఆమె కూడా ఆమెన్ అనేది. అలా ఏళ్ళ తరబడి ఒకరినొకరం చాప మీదే చీరుకున్నాం, గొంతు మాత్రం ఎవరమూ పెంచలేదు.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మేం సికింద్రాబాదులో, మెట్టుగూడలో అద్దెకుండేవాళ్ళం. నేను, మా తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరాడపిల్లలు. రెండు పడకగదుల ఇల్లు. ఒకటి మొగుడూ పెళ్ళాలది, ఒకటి పిల్లలది, హాల్లో దివాన్ నాది. పగలు దాని మీద వచ్చినవాళ్ళు కూర్చునేవారు, రాత్రి నేను పడుకునేదాన్ని. మా అమ్మ పోయేటప్పటికి తమ్ముడు నిక్కర్లు తొడుక్కునే వయసులో ఉన్నాడు. వాణ్ణి పెంచింది నేను. ఇది పదిసార్లు చెబితే దెప్పుతున్నానంటారు కాబట్టి ఒక్కసారే చెప్పి ఊరుకుంటాను. నేను పెళ్ళి చేసుకోలేదు. బళ్ళో సోషల్ పాఠం చెప్పేదాన్ని. తూర్పు కనుమలూ పడమటి కనుమలూ వచ్చి కలిసేచోట నీలగిరులున్నాయని బెత్తంతో పటం మీద చూపించి చూపించి ఆ చోట కాగితం అరిగిపోయింది. నేను మాత్రం ఏ కొండా ఎక్కలేదు.

తమ్ముడికి బేగంపేటలో ఆఫీసు. ఒకసారి ఏదో సూపర్‌మార్కెట్లో లక్కీ డ్రా చీటీ నింపి డబ్బాలో వేశాడు. వారం తిరక్కుండా ఫోనొచ్చింది, మీకు బహుమతి వచ్చింది, భార్యతో కలిసి బేగంపేటలో ఫలానా హోటలుకు రండి అని. వెళ్ళారు. డిన్నర్ సెట్టు ఇచ్చారు. దాంతోపాటు ఒక సెలవుల క్లబ్బులో సభ్యత్వం కూడా అంటగట్టి పంపారు. ఏడాదికి ఒక వారం ఏదో ఒక కొండ మీదో సముద్రం ఒడ్డునో క్లబ్బు వాళ్ళ గదిలో ఉండొచ్చు. గది పేరు స్టూడియో. అందులో ఇద్దరు పెద్దలూ ఇద్దరు చిన్నపిల్లలూ పడతారు.

ఇంకేం, ప్రతి వేసవికీ నలుగురూ ఊటీ వెళ్ళేవారు. "ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అక్కా" అనేవాడు తమ్ముడు, ఇల్లు ఎటైనా లేచిపోతుందేమో అన్నట్టు. నేను స్వెట్టర్లు అల్లి ఇచ్చి పంపేదాన్ని. పిల్లలు ఎదిగేకొద్దీ ఊడదీసి మళ్ళీ పెద్దవి అల్లేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు నాకో నీలగిరి తైలం సీసా తెచ్చేవారు. "మీ మోకాళ్ళకి వదినా" అని ఇచ్చేది మరదలు. నా మోకాళ్ళకు అప్పట్లో ఏ జబ్బూ లేదు. తర్వాత ఫోటోలు చూపించేవాళ్ళు. పూలతోట ముందు నలుగురూ, చెరువులో పడవ మీద నలుగురూ, బొమ్మ రైలు ముందు నలుగురూ. "ఇక్కడ మీరు కూడా ఉంటే ఎంత బాగుండేదో" అని ప్రతి ఫోటోకూ అనేది మరదలు. ఆ మాట అనకుండా ఫోటో తిప్పేస్తే ఆమె సొమ్మేం పోయేదో నాకు తెలీదు.

పెద్దమ్మాయికి పన్నెండు నిండాయి. క్లబ్బు లెక్కలో పన్నెండు దాటితే పెద్దవాళ్ళే. ఇక స్టూడియో గది చాలదు, అప్‌గ్రేడ్ చేసుకుంటే విడిగా పడకగదీ హాలూ ఉన్న పెద్ద గది ఇస్తాం అని క్లబ్బు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పన్నెండేళ్ళ ముచ్చట మాత్రం అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. తమ్ముడు ఒక సాయంత్రం వచ్చి దివాన్ మీద నా పక్కన కూర్చున్నాడు. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో.

"అక్కా, ఈసారి పెద్ద గది తీసుకుందామనుకుంటున్నా. నీ కోసమే. ఎన్నాళ్ళని నిన్నొక్కదాన్నే వదిలేసి వెళ్తాం?"

నాకు సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ రెండు వారాలూ ఇంట్లో అదే చర్చ. తీసుకోవాలా వద్దా, అంత పోయడం దండగా కాదా. చర్చంతా నా ఎదురుగానే, నేను అన్నం తింటూ ఉండగానే. "ఒక్క మనిషి కోసం అంత పెట్టడం అవసరమా అండీ?" అనేది మరదలు తమ్ముడితో, నా కంచంలో పెరుగు వడ్డిస్తూ. కూరగాయలు బేరమాడినట్టు నన్ను బేరమాడారు. నేను వంకాయ ముక్కను పక్కకు జరుపుకుంటూ, పర్వాలేదు, నోరు మూసుకుంటే ఊటీ వెళ్తాను కదా అనుకున్నాను. రాత్రి చాప మీద ఆమె, "తండ్రీ, అనవసరమైన భారం ఈ కుటుంబం మీద పడకుండా చూడు" అంది. అందరం ఆమెన్ అన్నాం.

చివరికి తమ్ముడే దారి చూపించాడు. "అక్కా, ఎలాగూ నీ కోసమే కదా. నువ్వో చెయ్యి వేస్తే తనకీ బాధ ఉండదు." చెయ్యి కాదు, మొత్తం నేనే వేస్తానన్నాను. ఆ రాత్రి ప్రార్థనలో మరదలు నా దాతృత్వం గురించి ప్రభువుకు చాలాసేపు చెప్పింది.

జనరల్ బజారుకు వెళ్ళి ఉన్ని కొనుక్కొచ్చుకున్నాను. ముదురు ఎరుపు. ఇన్నేళ్ళలో నా కొలతలకు అల్లుకోవడం అదే మొదలు. బళ్ళో ఖాళీ పీరియడు దొరికితే స్టాఫ్ రూములో కూర్చుని అల్లేదాన్ని. నా పక్క కుర్చీ లెక్కల టీచరుది. వరంగల్ వైపు ముస్లిం ఆవిడ, నోటికి తాళం లేదు.

"ఎవరికి అల్లుతున్నవ్ అక్కా?" అంది.

"నాకే. ఊటీ వెళ్తున్నాం." గది సంగతీ అప్‌గ్రేడ్ సంగతీ అంతా చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను.

ఆవిడ దిద్దుతున్న కాపీలు పక్కన పెట్టింది. "మంచిగున్నది. గని గా రూముల నీ మంచం ఏడున్నది? జెర అడిగినవా?"

"హాల్లో ఏదో ఒక మూల పడుకుంటాను. ఇక్కడ మాత్రం ఎక్కడ పడుకుంటున్నాను?"

"మంచం ముచ్చట గాదక్కా. పైసలు నీయి, పరేషాన్ సుత నీదేనా? నువ్వొక పని చెయ్యి. మీరు ఎంతమంది సార్ అని గా హోటలోళ్ళు అడుగుతరు గదా? అప్పుడు నీ తమ్ముడు ఎంతమంది అంటడో జెర చెవి పెట్టి ఇను."

నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి సంగతి నీకెందుకన్నాను. ఆవిడ మళ్ళీ కాపీలు తీసుకుంది. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. కానీ ఇంటికి రాగానే తమ్ముణ్ణి అడిగాను, ఆ గదిలో నేను పడుకునేది ఎక్కడరా అని.

"ఏదో ఒకటి అడ్జస్ట్ చేస్తార్లే అక్కా. ప్రార్థనలో పెడదాం" అన్నాడు.

అక్కడ అర్థం కావాలి నాకు. సైకిలు గుర్తుండి కూడా అర్థం చేసుకోలేదు. వెళ్ళాలన్న ఆశ అంత గట్టిగా పట్టుకుంది.

శనివారం సాయంత్రం హోటలుకు వెళ్ళాం. చెక్కు నాది కాబట్టి నన్నూ తీసుకెళ్ళారు. చల్లటి హాలు, నిండా గుండ్రటి బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కుటుంబం, వాళ్ళకెదురుగా టై కట్టుకున్న ఒక మనిషి. ఎవరైనా సంతకం పెడితే మూలనున్న గంట కొట్టేవారు, హాలంతా చప్పట్లు కొట్టేది. మా బల్ల దగ్గర కూర్చున్నవాడి నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టే ఉంది. మరదల్ని మేడమ్ అన్నాడు, నన్ను ఆంటీ అన్నాడు.

"ఫ్యామిలీ ఎంతమంది సార్?"

"నలుగురం" అన్నాడు తమ్ముడు, రెప్ప కూడా వేయకుండా. తర్వాత నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చింది కాబోలు, "అక్క కూడా ఉంటుంది" అన్నాడు.

ఇంటికి తాళం ఉంటుంది, వాకిట్లో తులసో మల్లెచెట్టో ఉంటుంది. అలా నేనూ ఉంటాను. లెక్కల టీచరు మాట చెవిలో గంట కంటే గట్టిగా మోగింది. అయినా పెన్ను తీసి చెక్కు రాశాను. ఎందుకు రాశావంటారా? స్వెట్టరు మెడ దాకా వచ్చింది, అంతే.

గంట కొట్టారు. చప్పట్లు. టై మనిషి, "ఫ్యామిలీ ఫోటో సార్" అని గోడకున్న పెద్ద కొండల బొమ్మ ముందు నలుగురినీ నిలబెట్టాడు. నేనూ లేవబోయాను. "ఆంటీ, పాపల బ్యాగులు జెర పట్టుకుంటరా?" అన్నాడు. పట్టుకున్నాను. తమ్ముడు అటు చూసి నవ్వాడు, ఫోటో కోసం. బయటకు వచ్చేటప్పుడు టై మనిషి చెక్కు సోమవారం బ్యాంకులో వేస్తామని చెప్పి నాకు నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం నన్ను సరిగ్గా పలకరించింది వాడొక్కడే.

ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ తమ్ముడు లేచి నిలబడ్డాడు. ప్రభువు తన కుటుంబానికి విశాలమైన చోటు ఇచ్చాడని చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. విశాలమైన చోటు ఇచ్చింది వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చునుందని ఎవరికీ తెలీదు.

మధ్యాహ్నం స్వెట్టరు పూర్తయింది. హాల్లో అద్దం ముందు తొడుక్కుని చూసుకున్నాను. చేతులు కాస్త పొడుగొచ్చాయి గానీ రంగు బావుంది. చిన్నమ్మాయి చూసి కిలకిలా నవ్వింది. "ఈ ఎండల్లో స్వెట్టరేంటత్తా?"

"ఊటీకే" అన్నాను.

మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పొద్దున్నే చదివేసిన పేపరును మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మాయి చెల్లెల్ని రెక్క పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది. పన్నెండు నిండిన పిల్ల కదా, దానికి కూడా తెలుసు.

ఆ రాత్రి చాప పరిచాం. పిల్లలు చేశారు, మరదలు చేసింది, తమ్ముడి వంతు వచ్చింది. వాడి ప్రార్థన చాలా బావుంటుంది, సంఘంలో అందరూ మెచ్చుకుంటారు.

"ప్రేమగల తండ్రీ," అన్నాడు, "ఆ పెద్ద గదిలో కూడా నలుగురికే చోటుందన్న సంగతి నీకు తెలుసు. మేం ఆ కొండల మీద ఉండే వారం రోజులూ, ఇక్కడ ఒంటరిగా ఉండబోయే మా అక్కకు నువ్వే తోడుగా ఉండు. ఈ ఇంటి చుట్టూ నీ దూతల్ని కావలి పెట్టు. ఈ చిన్న నిరాశను భరించే మనసు మా అక్కకు దయచెయ్యి."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అనాలని అనలేదు, నోరు దానంతటదే అనేసింది. నన్ను వదిలేసి వెళ్తున్నారన్న సంగతి తెలియడమూ దానికి నేను ఆమెన్ అనడమూ ఒక్కసారే జరిగాయి. నిన్న ఆ మాట నాతో చెప్పడానికి నోరు లేదు వాడికి. ఇవాళ ప్రభువుతో చెప్పడానికి ఎంత చక్కగా ఉందో. ఏరు దాటాక తెప్ప తగలేశాడు, ఆ మంట దగ్గర ప్రార్థన కూడా చేశాడు.

ఇక ముగింపు నాది. నేను మాట్లాడలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాను. వాళ్ళూ మోకాళ్ళ మీద కళ్ళు మూసుకునే ఉన్నారు, నేను ముగించేదాకా లేవడానికి లేదు. చిన్నమ్మాయి ఒక మోకాలి మీదికి బరువు మార్చుకోవడం వినిపించింది. మరదలు దగ్గింది. కాసేపు అలాగే ఉంచాను. నాకు హాయిగా ఉంది, ఒప్పుకోవడానికేం.

"ప్రేమగల తండ్రీ," అన్నాను. పిల్లల చదువుల కోసం ప్రార్థించాను, మరదలి తలనొప్పి కోసం ప్రార్థించాను, తమ్ముడి ప్రమోషన్ కోసం ప్రార్థించాను, బేగంపేటలో టై కట్టుకున్న మనిషిని కూడా దీవించమన్నాను. గొంతు మార్చలేదు. అదే రాగం, అదే నిదానం. "తండ్రీ, రేపు ఉదయం బ్యాంకు తలుపులు తీసే వేళకు నన్ను అక్కడ నిలబెట్టు. నేను రాసిన చెక్కును ఆపించడానికి నా చేతికి బలమివ్వు. ఈ చిన్న నిరాశను భరించే మనసు నా తమ్ముడి కుటుంబానికి దయచెయ్యి."

"ఆమెన్" అన్నారు నలుగురూ. తమ్ముడి గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది, ఎప్పటిలాగే.

తర్వాత కళ్ళు తెరిచారు. మరదలి మొహం చూడాల్సింది. నోరు తెరిచింది గానీ ఏమంటుంది? ఇప్పుడే ఆమెన్ అంది కదా. నేను చాప చుట్టి మూలన నిలబెట్టి, భోజనాలకు రమ్మన్నాను.

సోమవారం మొదటి పీరియడుకు పర్మిషన్ పెట్టి బ్యాంకుకు వెళ్ళాను. చెక్కు ఆపించాను. బళ్ళో లెక్కల టీచరు నా మొహం చూసింది. తన డబ్బాలోంచి కొంచెం ఖుబానీ మీఠా తీసి నా గిన్నెలో వేసింది.

సాయంత్రం తమ్ముడు ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. క్లబ్బువాళ్ళ ఖాతా కూడా ఆ బ్యాంకులోనేనట, మధ్యాహ్నానికల్లా ఫోన్ చేసి అడిగారట, పరువు పోయిందట. సంఘంలో సాక్ష్యం చెప్పి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగాలి అన్నాడు. నేను చిక్కుళ్ళు ఒలుస్తూ విన్నాను. వినీ వినీ, "నన్ను తీసుకెళ్తానన్నావు కదరా" అన్నాను, అంతే.

"అన్నాను, కుదరలేదు. అయినా నువ్వేమైనా గట్టిగా అడిగావా?" వాడి గొంతు లేచింది. మా ఇంట్లో గొంతు లేవడం అదే మొదలు. "ఇన్నేళ్ళలో నేనూ వస్తానని ఒక్కసారైనా నోరు తెరిచి అడిగావా అక్కా? అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"నేను పెట్టాను కదరా" అన్నాను. "నువ్వు అడిగేదాకా ఎప్పుడైనా ఆగానా?"

వాడు గుమ్మంలో నిలబడిపోయాడు. మొహం ముడుచుకుని ఏడ్చాడు, చిన్నప్పటిలాగే, కింది పెదవి ముందుకొచ్చి. ఆ పెదవి చూస్తే ఒకప్పుడు నా ప్రాణం ఆగేది కాదు. ఆ రోజు నాకు ఏమీ కలగలేదు. జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. చిక్కుళ్ళు ఒలవడం అయిపోయాక తొక్కలు ఎత్తి పారేశాను.

ఆ ఏడు ఊటీకి ఎవరూ వెళ్ళలేదు. నేను గెలిచానంటారా? నాకు ఆ కొండలు చూడాలని ఉండింది. గెలవాలని లేదు.

ఆ సోమవారం రాత్రి వేళకు ఎప్పటిలాగే చాప పరిచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. తమ్ముడి పడకగది తలుపు మూసి ఉంది. కాసేపటికి లోపల్నుంచి చిన్నమ్మాయి గొంతు వినిపించింది, తర్వాత పెద్దదాని గొంతు, తర్వాత మరదలిది, చివర తమ్ముడిది. వయసు వరసే, ఏమీ తప్పలేదు. ముగింపు వాడే చేశాడు. మాటలు అర్థం కాలేదు గానీ రాగం తెలుస్తూనే ఉంది. నలుగురూ కలిసి ఆమెన్ అన్నారు.

హాల్లో చాప మీద ఒక్కదాన్నే మోకరించి ఉన్న నా నోరు, అలవాటు కొద్దీ, వాళ్ళతోపాటే ఆమెన్ అంది.